మేకుల తక్కెడ

మా కొట్లో మేకులు తూచే తక్కెడ మీద
ఆ పిల్ల డబ్బా బోర్లించింది.
చిల్లరతో పాటు ఒక కోటు బొత్తాం,
ఆరిపోయిన చూయింగ్ గమ్ ఉండ,
ఎవరిదో ఒక పాలపన్ను.
"పన్ను లెక్కలోకి వస్తుందా, మిస్టర్ ఆహో?"
నేను నవ్వాను. తను నవ్వలేదు.
పదకొండేళ్ళ మారెన్ టొలెఫ్‌సన్
నవ్వుకోవడానికి రాలేదు.

సుపీరియర్ సరస్సు ఒడ్డున మా ఊరు.
నవంబరు నుంచి ఏప్రిల్ దాకా
ఇక్కడ గాలిదే పెత్తనం.
ఆ గాలిలో పోస్టాఫీసు మెట్ల మీద,
చిల్లర అందుకోవడానికి తొడుగుల వేళ్ళు కత్తిరించుకుని
నిలబడేది.
చలి మరీ ముదిరితే మా కొట్టు గుమ్మంలోకి జరిగేది.
మెడలో అట్టముక్క:
"బ్రిక్‌కి చొక్కా లేదు."

బ్రిక్ మా ఊరి పోలీసు కుక్క.
కాలిన ఇటుక రంగు వీపు, కొస తెగిన ఎడమ చెవి.
తలుపు అవతల తుపాకీ ఉందేమోనన్నప్పుడు
ముందు దూకేది అదే.
వెనక వెళ్ళే లిండ్‌క్విస్ట్ ఛాతీకి కవచం.
ముందు వెళ్ళేదానికి
పుట్టినప్పుడు వచ్చిన బొచ్చు.
ఈ లెక్క ఇన్నేళ్ళూ మాకెవరికీ తప్పనిపించలేదు.
మారెన్‌కి గుణకారాలు రావని
వాళ్ళ టీచరే నాతో అంది.

గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టేవాళ్ళ
గుడారం గుడారానికీ తిరిగి వేడి సూపు అమ్మింది.
"కుక్కకి చొక్కా ఏంటి?
రేపు నక్కకి బూట్లు అడుగుతావా?" అన్నాడొకడు.
కాసేపు ఆలోచించి చెప్పింది:
"నక్కని మనం ఎక్కడికీ పంపించం కదా."
వాడు రెండు గిన్నెలు కొన్నాడు.

ఫిబ్రవరిలో వెర్న్ కౌపి వచ్చాడు.
అతన్ని చూసి కౌంటర్ వెనక నేను లేచి నిలబడ్డాను.
ఏమీ కొనలేదు. కోటు విప్పాడు,
చొక్కా చేయి మోచేతి దాకా మడిచాడు.
కుట్టడం రానివాడు కుట్టిన గోనెలా ఉంది
ఆ కండ.
"మీ బ్రిక్ కంటే ముందు ఇంకోటి ఉండేది.
పారిపోతున్నాను, నా తప్పే.
కానీ పడిపోయాక కూడా వదల్లేదు."
మారెన్ ఆ మచ్చనే చూసింది. చూపు తిప్పుకోలేదు.
"నొప్పి పుడుతుందా?"
"మంచు పడే ముందు రోజు."

డబ్బా వైపు చాలాసేపు చూశాడు.
"వదలమని దానికి ఎవరూ చెప్పలేదులే" అని
ఐదు డాలర్ల నోటు నాలుగు మడతలు పెట్టి
కన్నంలో దూర్చి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి కొట్టు మూశాక
చేపల వాసన కొట్టే ఆ నోటుని
తక్కెడ మీద పెట్టి చూశాను.
ముల్లు కదల్లేదు.
మేకుల తక్కెడ అది, దానికేం తెలుసు.

మార్చిలో లిండ్‌క్విస్ట్ కొలతలు తీయించడానికి తెచ్చాడు.
కుట్టు టేపు ఛాతీ చుట్టూ తిప్పుతుంటే
బ్రిక్ ఆ పిల్ల చెవి నాకింది.
ముప్పై రెండు అంగుళాలు.
ఊపిరి బిగబట్టింది కుక్కో, పిల్లో, నాకు తెలీదు.

మే నెలలో, సరస్సు మీద మంచు
గాజు పగిలినట్టు విరుగుతున్న రోజున
పార్సిల్ వచ్చింది.
నల్లగా, తడిసిన దుప్పటంత బరువుగా.
బకిల్స్ అన్నీ మారెనే పెట్టింది.
ఆఖరిది బిగించాక చేయి పైకి జరిపింది.
"మరి మెడ?"
లిండ్‌క్విస్ట్ సరస్సు వైపు చూశాడు.
నేను నా బూట్ల వైపు.
దాని గొంతు కింద, నాడి కొట్టుకునే చోట
ఆ అరచేయి అలాగే ఉండిపోయింది.

పత్రికవాడు ఫోటో అన్నాడు.
బ్రిక్ నీళ్ళలోంచి వచ్చినట్టు ఒళ్ళు విదిల్చి
నేరుగా దీపస్తంభం దగ్గరికి నడిచి
కాలెత్తింది.
అప్పుడు నవ్వింది మారెన్,
ఆరు నెలల్లో మొదటిసారి. పై వరసలో ఒక సందు కనబడింది.

రెండంగుళాల మేకుల అరలో
ఆ పాలపన్ను ఇంకా నా దగ్గరే ఉంది.
ఖాతా పుస్తకంలో, కౌపి ఐదు డాలర్ల కింద,
దాన్నీ రాసుకున్నాను.